ముల్లు పలికే మాట

లాలాగూడ అనగానే ఎవరికైనా మొదట స్ఫురించేది రైలు. నైజాం రాజ్యంలో వాడి నుంచి సికిందరాబాదుకు 1874లో ఇనుపదారి పడింది. అది ఓరుగల్లు మీదుగా సాగి 1889 నాటికి బెజవాడను అందుకొన్నది. ఆ దారిన నడిచే వాహనాలను బాగుచేయడానికి 1893లో లాలాగూడలో రైల్వే కార్ఖానా నెలకొన్నది. 1930లో నైజాం ప్రభుత్వం ఆ రైల్వేను కంపెనీ చేతినుండి తాను తీసుకొన్నది. 1950లో అది భారతప్రభుత్వపు సొత్తయింది. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఏలికలు మారినా, జెండాలు మారినా, లాలాగూడ మాత్రం ఇనుముతో చెలిమి విడువలేదు. నేటికీ అక్కడి కార్ఖానాలో రైలుపెట్టెల మరమ్మతులు జరుగుతూనే ఉన్నవి; విద్యుత్తు ఇంజన్ల షెడ్డు కూడా అక్కడ ఉన్నది.

ఇటువంటి పేటలో పెరిగినవారికి అక్షరాలతో పాటు అలవడే మరొక చదువు ఉన్నది. అది గాజుబిళ్ళ వెనుక కదలాడే ముల్లును చదవడం. పాత మోటారుకార్ల మీద మక్కువ గలవారు డాష్ బోర్డుకు అదనంగా గేజీలు అమర్చుకోవడం ఇప్పుడు దేశదేశాలలో ఉన్న అభిరుచి. ఆయిలు ఒత్తిడికొకటి, నీటి వేడికొకటి, విద్యుత్తుకొకటి చొప్పున గుండ్రని డయళ్ళు వరుసదీరుతవి. చూచేవారికి అది అలంకారమనిపించవచ్చును. కాని ఆవిరి ఇంజను నడిచిన నేల మీద నిలిచి చూచినప్పుడు దాని అర్థం వేరు. యంత్రం తన కష్టసుఖాలను చెప్పుకోవడానికి మనిషి దానికిచ్చిన నోరు గేజీ. ఆ నోరు ఎక్కడ పెట్టాలి, ఎట్లా పెట్టాలి, అది పలికిన మాటను ఎంతవరకు నమ్మాలి అన్నవి కేవలం అలంకారపు ప్రశ్నలు కావు.

ఆవిరి ఇంజను పాఠం

ఆవిరి ఇంజనులో డ్రైవరు, ఫైర్‌మన్ నిలుచునే చోట వారి కళ్ళ యెదుట ముఖ్యంగా మూడు సాధనాలు ఉండేవి. మొదటిది ఆవిరి ఒత్తిడి చూపే గేజీ. 1947లో మన దేశానికి వచ్చిన డబ్ల్యూ.పి. తరగతి ఇంజన్ల బాయిలరులో ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌన్లు. అనుమతించిన ఆ హద్దు దగ్గర డయలు మీద ఎర్రగీత ఉండేది. రెండవది నీటిమట్టం చూపే గాజుగొట్టం. బాయిలరులో నీరు అగ్నిగుండపు కప్పుకన్న కిందికి దిగిందంటే ఆ కప్పు నిప్పుకు నేరుగా చిక్కుతుంది, తరువాతిది ప్రాణాపాయమే. కనుకనే నీరు తగ్గితే తానే కరిగి ఆవిరిని నిప్పు మీదికి వదిలే సీసపు బిరడాను కప్పులో బిగించేవారు. మూడవది వ్యాక్యూం గేజీ. రైలు పొడవునా ఉన్న గొట్టంలో నుంచి గాలి తోడివేస్తేనే బ్రేకులు వదులుతవి. గాలి చొరబడితే పట్టుకొంటవి. ఇంజను దగ్గర ఆ గేజీ 21 అంగుళాలు చూపితే రైలు కదలడానికి సిద్ధమన్నమాట.

ఒత్తిడి గేజీ కడుపులో ఉండేది అతి సులభమైన ఉపాయం. ఫ్రాన్సు దేశీయుడు యూజీన్ బూర్దోన్ 1849లో దానికి పేటెంటు పొందాడు. తిరునాళ్ళలో పిల్లలు ఊదే కాగితపు బూరను తలచుకొంటే చాలు. చుట్టుకొని ఉన్న బూర ఊదగానే చాచుకొంటుంది. ఊపిరి తీయగానే ముడుచుకొంటుంది. అదే విధంగా, నొక్కి బల్లపరుపు చేసి వంచిన లోహపు గొట్టంలోనికి ఒత్తిడి ప్రవేశించగానే ఆ వంపు కొద్దిగా సాగుతుంది. ఆ కొద్దిపాటి కదలికను పళ్ళచక్రం పెద్దది చేసి ముల్లును తిప్పుతుంది. ఇంత పెద్ద బాయిలరుకూ, ఒక చిన్న కారు ఆయిలుకూ నేటికీ అదే వంకర గొట్టం సాక్ష్యం చెబుతుండటం విశేషం.

ఆవిరి ఇంజను గేజీకి దిగువన మెలిక తిరిగిన గొట్టం ఒకటి కనబడేది. అది అందానికి పెట్టినది కాదు. మండే ఆవిరి నేరుగా గేజీలో దూరితే ఆ సున్నితపు గొట్టం చెడిపోతుంది. అందుకని ఆ మెలికలో నీరు నిలిచి, ఒత్తిడిని మాత్రం పైకి పంపి, వేడిని కిందనే ఆపుతుంది. కొలిచేదానిని కొలవబడేదాని బారినుండి కాపాడాలన్న ఈ నీతి, కారుకు గేజీ బిగించేవారు మొట్టమొదట నేర్వదగినది.

రైలు నుంచి రోడ్డుకు

రైలుకూ మోటారుకూ హైదరాబాదు రాజ్యంలో ఉన్న చుట్టరికం మరొకచోట అంతగా కనబడదు. 1932 జూన్‌లో ఇక్కడ ప్రజలకోసం బస్సులు ప్రారంభించినది నైజాం రైల్వేయే. 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రైల్వేలో ఒక శాఖగా మొదలైన ఆ రవాణా, తదుపరి కాలంలో ప్రభుత్వ రోడ్డు రవాణాకు పునాది అయింది. రైలు నడిపిన క్రమశిక్షణ ఆ విధంగా రోడ్డెక్కింది.

ఇక సొంతకార్ల మాట. హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడరు 1950లలో బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనా మీద రూపొంది, 2014 మే నెల దాకా ఉత్తరపారా కర్మాగారంలో తయారవుతూ వచ్చింది. ఫియెట్ 1100 వంశంలోని ప్రీమియర్ పద్మిని ఇంచుమించు 2000 సంవత్సరం ప్రాంతం వరకు వచ్చింది. ఒక తరం వారికి కారంటే ఈ రెండే. వాటిని ఇంకా కాపాడుకొంటున్నవారు ఊరూరా ఉన్నారు. గేజీల గొడవ ముఖ్యంగా వీరిది.

డాష్ బోర్డు అన్న పేరు మోటారుకన్న పాతది. గుర్రపుబండిలో కూర్చున్నవారి మీదికి గుర్రపు డెక్కలు ఎగజిమ్మే బురదను అడ్డుకొనే కొయ్యపలకకో, తోలు తెరకో ఆ పేరు. గుర్రం పోయింది, బురద అడ్డు వాహనానికి ముఖమయింది. 1902లో ఆటో షుల్జే అనే ఆయన అయస్కాంతం తిరిగే వేగంతో ముల్లును లాగే స్పీడోమీటరుకు పేటెంటు పొందాడు. వేగం చెప్పే డయలు ఆ పలక మీదికి ఎక్కిన తరువాత పెట్రోలు చెప్పేది వచ్చింది. మిగిలినవి కారు ఖరీదును బట్టి వచ్చినవి. ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు చాలామంది తయారీదారులు ఆయిలు గేజీని తీసివేసి, దాని స్థానంలో ఒక చిన్న ఎర్రదీపం పెట్టి సరిపెట్టారు.

దీపమూ ముల్లూ

ఇక్కడనే అసలు విషయం ఉన్నది. ఆ దీపానికి అనుబంధించిన స్విచ్చి, ఆయిలు ఒత్తిడి సుమారు 5 నుంచి 7 పౌన్లకు పడిపోయినప్పుడు గాని దీపాన్ని వెలిగించదు. అంబాసిడరుకు చిరకాలం ఊపిరిగా ఉన్న 1489 ఘన సెంటీమీటర్ల బి.ఎం.సి. తరహా ఇంజనులో, వేడెక్కి పరుగెత్తుతున్నప్పుడు ఒత్తిడి 50 పౌన్ల ప్రాంతంలో ఉండాలి. నిలకడగా ఊరక తిరుగుతున్నప్పుడు 15 పౌన్లయినా ఉండాలి. పరుగులో 50 ఉండవలసినది 20కి దిగినా ఎర్రదీపం కన్ను తెరవదు. అది తెరిచేసరికి బేరింగుల మధ్య ఆయిలుపొర చిరిగి, ఇనుము ఇనుమును ఒరుసుకొంటూ ఉంటుంది. పాశ్చాత్య మెకానిక్కులు ఆ దీపాన్ని మందమతుల దీపమని పరిహాసం చేసేవారు. అది కొంత కటువైన మాటే. మతి దీపానిదీ కాదు, డ్రైవరుదీ కాదు. చూడవలసినదాన్ని చూపకుండా దాచిన ఏర్పాటుది ఆ లోపం. దీపం ఆపద వచ్చిందని చెబుతుంది. ముల్లు ఆపద బయలుదేరిందని చెబుతుంది. ఇంటికి నిప్పంటుకొన్న తరువాత నుయ్యి తవ్వడం ఎటువంటిదో మనవారు ఏనాడో చెప్పి ఉన్నారు.

అయితే ముల్లు చెప్పేది ఒక్కనాటి చూపుకు అందదు. అదే కారు, అదే ఆయిలు, అదే వేడి. పోయిన ఏడు పరుగులో 50 చూపినది ఈ ఏడు 40 చూపుతున్నదంటే, ఆయిలు పలచబడిందో, పంపు అలసిందో, బేరింగులు అరిగినవో విచారించవలసి ఉంటుంది. వైద్యుడు నాడి చూచినట్లు, ఆరోగ్యంగా ఉన్నప్పటి నాడి ఎరిగినవాడికే రోగపు నాడి తెలుస్తుంది.

నీటి వేడి చూపే గేజీ సంగతి ఇంకా చమత్కారంగా ఉంటుంది. ఎండాకాలంలో సికిందరాబాదు వీధులలో బండ్ల రద్దీలో చిక్కినప్పుడు, రేడియేటరు ఫాను నెమ్మదిగా తిరుగుతూ, నీరు క్రమక్రమంగా కాగుతుంది. ముల్లు మెల్లగా పైకి పాకడం చూచినవాడు కారును పక్కకు తీసి నిలుపుతాడు. అయితే ముల్లు కిందికి దిగితే ఎల్లప్పుడూ మేలే అనుకోరాదు. నీరంతా కారిపోయినప్పుడు, వేడిని గుర్తించే బుడ్డి నీటిని విడిచి ఉత్త గాలిలో వేలాడుతుంది. అప్పుడు ఇంజను మాడిపోతున్నా ముల్లు చల్లగా ఉన్నానని చెప్పవచ్చును. పెరిగి పెరిగి ఒక్కసారిగా పడిపోయిన ముల్లు శాంతించినట్లు కాదు, మూర్ఛపోయినట్లు.

వ్యాక్యూం గేజీ లాలాగూడకు దగ్గరి చుట్టం. రైలులో బ్రేకుల కోసం చూచినదాన్నే కారులో ఇంజను పీల్చే ఊపిరి కోసం చూస్తారు. బాగున్న పెట్రోలు ఇంజను ఊరక తిరుగుతున్నప్పుడు సముద్రతీరాన సుమారు 17 నుంచి 21 అంగుళాలు చూపి ముల్లు కదలక నిలవాలి. ముల్లు లయగా ఉలిక్కిపడుతున్నదంటే వాల్వు ఒకటి సరిగా మూతపడటం లేదేమోనని అనుమానించాలి. యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే ముల్లు పడిపోతుంది. మెత్తగా నడిపితే నిలుస్తుంది. కనుక పెట్రోలు పొదుపు నేర్పే గురువుగా కూడా దానికి పేరు. కాని సికిందరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ప్రతి వేయి అడుగుల ఎత్తుకూ ఒక అంగుళం వంతున ఈ కొలత తగ్గుతుంది. బెజవాడలో 19 చూపిన ఇంజను ఇక్కడ ఇంచుమించు 17 చూపితే అది జబ్బు కాదు. ఎక్కడి ముల్లుకు అక్కడి గాలినిబట్టి అర్థం చెప్పుకోవాలి.

బిగించే పద్ధతి

డాష్ బోర్డు గేజీలకు ఎక్కువగా కనబడే కొలత 52 మిల్లీమీటర్ల వ్యాసం. వాటికోసం పాత డాష్ బోర్డును తొలిచివేసే తొందర తగదు. దాని దిగువ అంచుకు చిన్న లోహపు పలకను వేలాడదీసి అందులో గేజీలు అమర్చితే, రేపు వద్దనుకొన్నప్పుడు మచ్చ మిగలకుండా తీసివేయవచ్చును.

ఆయిలు గేజీలలో యాంత్రికమైనదానికి ఇంజను నుంచి సన్నని గొట్టం ద్వారా వేడి ఆయిలు కారు లోపలికే వస్తుంది. అది పగిలితే కాళ్ళమీదనే చిమ్ముతుంది. రాగిగొట్టం నిరంతరపు అదురుకు బిరుసెక్కి చివరకు చిట్లుతుంది. అందుచేత అనుభవజ్ఞులు దానిని మంటలో కాల్చి మెత్తబరచి, మధ్యలో ఒకటి రెండు మెలికలు తిప్పి, ఇంజను దగ్గర కొంతమేర రబ్బరు గొట్టం కలుపుతారు. ఇంజనుకూ కూర్చునే గదికీ మధ్యనున్న రేకులో రంధ్రం గుండా అది వచ్చేచోట రబ్బరు వలయం తప్పనిసరి. లేనిచో రేకు అంచే కత్తి అవుతుంది. విద్యుత్తుతో పనిచేసే గేజీకి ఈ బాధ లేదు; దానికి లోపలికి వచ్చేది తీగ మాత్రమే. అయితే దాని కబురు ఇంజనుకు బిగించిన గుండీ మంచితనం మీద ఆధారపడుతుంది.

యాంత్రికమైన నీటివేడి గేజీలో బుడ్డినీ డయలునూ కలిపే సన్నగొట్టంలో ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. అది ఒక్కసారి తెగితే అతుకు పనికిరాదు. గేజీ మొత్తం పోయినట్లే.

విద్యుత్తు విషయంలో మరింత జాగరూకత కావాలి. అమ్మీటరులో బ్యాటరీకి పోయేదీ, వచ్చేదీ అయిన ప్రవాహమంతా ఆ డయలు గుండానే పారుతుంది. సుమారు 20 ఆంపియర్లు ఇచ్చే పాత డైనమోకు తగిన అమ్మీటరును అట్లే ఉంచి, అంతకు మించి ప్రవాహమిచ్చే ఆల్టర్నేటరు బిగిస్తే, తీగలు కాలి కారుకే నిప్పంటుకొనే ప్రమాదం కలదు. వోల్టుమీటరు ఇందుకు భిన్నం. అది పక్కనుంచి తొంగిచూస్తుందే గాని ప్రవాహాన్ని తన మీదుగా పోనివ్వదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గరా, నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దగ్గరా అది నిలిస్తే బ్యాటరీకి క్షేమం. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ ధనధ్రువాన్ని కారు దేహానికి కలిపేవారు. నేటి కార్లలో దేహానికి కలిపేది ఋణధ్రువం. ఈ తేడా గమనించక కొత్త గేజీ బిగిస్తే అది అబద్ధమాడవచ్చును, కాలిపోనూ వచ్చును. కొత్తగా వేసే ప్రతి తీగకూ ఫ్యూజు ఉండటం తప్పనిసరి.

పందెపు కార్లవారి ఉపాయమొకటి గ్రహింపదగినది. అంకెలు అడ్డంగా ఉన్నా లెక్కచేయక, ఆరోగ్యంగా ఉన్నప్పుడు ముళ్ళన్నీ నిటారుగా నిలిచేటట్లు డయళ్ళను తిప్పి బిగిస్తారు. అప్పుడు అంకెలు చదవనక్కరలేదు. వరుసలో ఒకటి వంగితే అరక్షణపు చూపుకే తెలుస్తుంది. రోడ్డు మీదనుండి కన్ను మరల్చేంత అందమైన గేజీ రక్షణ కాదు. అదే ఒక ప్రమాదం.

సాక్షిని పరీక్షించడం

బిగించడంతో పని ముగియదు. తప్పు చెప్పే గేజీ కన్న గేజీ లేకపోవడమే మేలు. లేనివాడు అనుమానంతోనైనా జాగ్రత్తపడతాడు. అబద్ధపు గేజీ ఉన్నవాడు ధీమాతో చెడతాడు. నీటివేడి గేజీని బిగించడానికి ముందే దాని బుడ్డిని మరిగే నీటిలో వేలాడదీసి చూడటం అందరికీ సాధ్యమైన పరీక్ష. అయితే సికిందరాబాదు ఎత్తులో నీరు 100 డిగ్రీల దగ్గర కాక, సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. ఇది ఎరుగనివాడు మంచి గేజీని చెడ్డదని పారవేయగలడు. ఒత్తిడి గేజీకయితే సరియైనదని తెలిసిన మరొక గేజీని పక్కన కలిపి పోల్చడమే దారి. పాత డయళ్ళు పౌన్లలో, తరువాతివి చదరపు సెంటీమీటరుకు కిలోలలో ఉంటవి. ఒక కిలో ఇంచుమించు 14.2 పౌన్లని గుర్తుంటే తికమక ఉండదు.

మూలరూపం మాట

ఇంతకూ పాత కారును మార్చే హక్కు మనకున్నదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఇది శిథిలమైన తాళపత్రాన్ని బాగుచేసే పండితుడి ప్రశ్న వంటిదే. అరిగిన అక్షరాన్ని తాను పూరించి మూలంలో కలిపివేసేవాడు ఒకడు. పక్కన గుర్తుపెట్టి తన పూరణమని తెలియజేసేవాడు మరొకడు. గ్రంథానికి మేలు చేసేవాడు రెండవవాడు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ ప్రకటన సారాంశం కూడా ఇంచుమించు ఇదే: అవసరమైన మార్పు చేసినా అది మూలనిర్మాణాన్నీ, మూలరూపాన్నీ చెదరగొట్టకూడదు. మన దేశంలో 2021లో వచ్చిన కేంద్ర మోటారు వాహన నియమాలు, తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, మూలరూపంలో నిలిచి, చాసిస్, బాడీ, ఇంజను విషయంలో గణనీయమైన మార్పు పొందని వాహనాన్ని వింటేజి వాహనంగా గుర్తిస్తున్నవి. అటువంటి వాటి రిజిస్ట్రేషను సంఖ్యలో వి.ఏ. అక్షరాలుంటవి, వాటిని నిత్యవ్యవహారానికి గాని, వ్యాపారానికి గాని నడపరాదు. ఈ నియమంలో డాష్ బోర్డు పేరు విడిగా లేకున్నా, మూలరూపమన్న మాటను గౌరవించడం విజ్ఞత. పాతది తొలగించిన ప్రతి మరనూ, ప్రతి పలకనూ దాచి ఉంచినవాడే తరువాతి తరానికి కారును కారుగా అప్పగించగలడు.

అయితే రూపాన్ని కాపాడటం ఒకటి, ప్రాణాన్ని కాపాడటం ఒకటి. విడిభాగాలు దొరకడం నానాటికీ కష్టమవుతున్న ఇంజనుకు, దిగువ అంచున వేలాడే ఒక చిన్న ఆయిలు గేజీ రూపభంగం కాదు. చెక్కుచెదరని డాష్ బోర్డు వెనుక ఇంజను కాలిపోతే, మిగిలేది ముఖం మాత్రమే.

ఆవిరి ఇంజన్ల తయారీ మన దేశంలో 1972లో ఆగిపోయింది. పెద్దలైనుల మీద 1990ల నడుమకు అవి దాదాపు పూర్తిగా కనుమరుగయినవి. వాటితోనే ఎర్రగీత డయళ్ళూ, గాజుగొట్టాలూ పోయినవి. ముల్లు మాత్రం పోలేదు. లాలాగూడ షెడ్డు నుంచి బయలుదేరే విద్యుత్తు ఇంజనులో కూడా బ్రేకుగొట్టంలో గాలి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు ఉన్నదా అని డ్రైవరు చూచుకొన్న తరువాతనే రైలు కదులుతుంది. యంత్రం ఏనాడూ మౌనంగా చెడదు. అది ముందుగా ఒక మాట చెబుతుంది. ఆ మాట వినడానికి ఒక డయలు కావాలి, అర్థం చేసుకోవడానికి అలవాటు కావాలి, విన్న తరువాత కారును రోడ్డు పక్కకు తీసి ఆపేపాటి వినయం కావాలి. మొదటిది అంగడిలో దొరుకుతుంది. మిగిలిన రెండింటినీ మనిషి తనకు తానే బిగించుకోవాలి.